నెమ్మదిగా సాగే కొరియన్ ప్రేమ సినిమాలు ఆరు: మీరు ముందు ఏది చూడాలి?

పదహారు భాగాల కొరియన్ సీరియళ్ళు ఒకదాని తర్వాత ఒకటి చూసినవారు ఏదో ఒక రోజు ఇలా అడుగుతారు: "ఇంత హడావుడి లేకుండా, నిదానంగా నడిచే ప్రేమకథ ఏదైనా ఉంటే చెప్పండి." ఒకప్పుడు నేను వెంటనే ఒక పేరు చెప్పేసేదాన్ని. కుదిరిన పెళ్ళి అప్పుడే తప్పిపోయిన ఒక స్నేహితురాలికి అలాగే ‘వన్ ఫైన్ స్ప్రింగ్ డే’ చూడమన్నాను. ఆమె సగంలో ఆపేసింది. సినిమా నచ్చక కాదు, ఆ వారంలో దాన్ని భరించే శక్తి ఆమెకు లేదు. మూడేళ్ళ తర్వాత మళ్ళీ మొదటి నుంచి చూసి, రాత్రి పదకొండింటికి ఫోను చేసి గంటసేపు దాని గురించే మాట్లాడింది. అప్పటి నుంచి ఎవరు అడిగినా ముందు నాలుగు ప్రశ్నలు వేసి, ఆ తర్వాతే పేరు చెబుతున్నాను.

ఈ సినిమాలన్నిటినీ కలిపి "స్లో సినిమాలు" అనేస్తాం. కానీ నెమ్మది ఒకటే రకం కాదు. నోట రాని మాట కోసం ఒక సినిమా ఆగుతుంది. కాలం గడిచిన సంగతి మన ఒంటికి తెలియాలని మరొకటి ఆగుతుంది. ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటూ తడబడుతుంటే ఆ తడబాటును కత్తిరించడం ఇష్టంలేక ఇంకొకటి ఆగుతుంది. ఈ రాత్రి మీరు ఏ నెమ్మదితో కూర్చోగలరో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్లే.

## ఎంచుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు

సినిమా దేనికోసం నెమ్మదిస్తోంది? పైన చెప్పింది ఇదే. అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న కూడా ఇదే.

ఎంత చెబుతుంది, ఎంత మనకు వదిలేస్తుంది? కొందరికి పాత్రలు మనసు విప్పి మాట్లాడాలి. కొందరికి ఒక చూపు చాలు. ఈ ఆరు సినిమాల మధ్య ఈ విషయంలో చాలా తేడా ఉంది.

మీ మనసు ఇప్పుడు ఎలా ఉంది? ఒక సినిమా మరణాన్ని తాకుతుంది, ఒకటి తెగిపోయిన బంధాన్ని, ఒకటి పెళ్ళయ్యాక కూడా మిగిలిన పాత ప్రేమను. ఏ గాయం పచ్చిగా ఉందో మీకే తెలుసు.

ఎవరితో కూర్చుని చూస్తున్నారు? ఒంటరిగానా, భార్యతోనో భర్తతోనో కలిసి చూస్తున్నారా, లేక అమ్మానాన్నలు కూడా హాల్లో ఉన్నారా? ‘రైట్ నౌ, రాంగ్ దెన్’ తీసిన హాంగ్ సాంగ్-సూ సినిమాల్లో గంటల తరబడి సోజు (కొరియన్ మద్యం) తాగుతారు. ‘క్రిస్మస్ ఇన్ ఆగస్ట్’ తీసిన హొ జిన్-హో సినిమాను మూడు తరాలవారు కలిసి చూడవచ్చు.

అవార్డుల గురించి, నటుల పేర్ల గురించి మొదట ఆలోచించకండి. వాటిని చూసి ఎంచుకుంటే నిరాశ పడే అవకాశమే ఎక్కువ. నిడివి కూడా నమ్మదగిన కొలత కాదు. ఇక్కడ అన్నిటికంటే పొడవైన సినిమా రెండు గంటల 25 నిమిషాలు, మన మామూలు తెలుగు సినిమా అంతే. కానీ అందులో పాటలు, ఫైట్లు, ఇంటర్వెల్ ముందు మలుపు ఏవీ లేనప్పుడు ఆ నిమిషాల బరువు వేరుగా ఉంటుంది.

| సినిమా | సంవత్సరం, దర్శకుడు లేదా దర్శకురాలు | నెమ్మది దేనికోసం | ప్రేమ ఎలా కనిపిస్తుంది | ఎప్పుడు వద్దు |
|---|---|---|---|---|
| క్రిస్మస్ ఇన్ ఆగస్ట్ | 1998, హొ జిన్-హో | చెప్పలేని మాట కోసం | రోజువారీ పనుల మధ్య | ఇంట్లో ఎవరైనా తీవ్రమైన జబ్బుతో ఉంటే |
| వన్ ఫైన్ స్ప్రింగ్ డే | 2001, హొ జిన్-హో | శబ్దాలు వినడానికి, రుతువులు మారడానికి | పుట్టి, పెరిగి, చల్లారుతుంది | బంధం కొత్తగా తెగినప్పుడు |
| రైట్ నౌ, రాంగ్ దెన్ | 2015, హాంగ్ సాంగ్-సూ | మాటల్లోని తడబాటు కోసం | ఒక్క రోజులో, రెండుసార్లు | కథలో మలుపులు కావాలనిపిస్తే |
| గ్యొంగ్‌జు | 2014, ఝాంగ్ లూ | ఊరంతా తిరగడానికి | ఉందా లేదా అన్నంతగా | బాగా అలసిపోయిన రోజు |
| మూన్‌లిట్ వింటర్ | 2019, లిమ్ దే-హ్యొంగ్ | ఇరవై ఏళ్ళు మోసిన మౌనం కోసం | ఉత్తరాల్లో | ఇద్దరి మధ్య సన్నివేశాలు ఎక్కువ కావాలనుకుంటే |
| పాస్ట్ లైవ్స్ | 2023, సెలీన్ సాంగ్ | గడచిపోయిన సంవత్సరాల కోసం | మూడు వయసుల్లో | పాత స్నేహం జ్ఞాపకాలు పచ్చిగా ఉంటే |

## క్రిస్మస్ ఇన్ ఆగస్ట్

చిన్న ఊళ్ళో ఫోటో స్టూడియో నడుపుకునే జొంగ్-వన్‌కు ఎక్కువ కాలం లేదు. జబ్బు పేరు సినిమాలో ఎక్కడా వినిపించదు. తప్పుగా నిలిపిన బండ్లకు జరిమానా రాసే ఉద్యోగం చేసే దా-రిమ్, ఆ బండ్ల ఫోటోలు కడిగించడానికి అతని దగ్గరికి వస్తుంటుంది. వేసవి ఎండ, ఐస్‌క్రీం, ఒకే గొడుగు కింద ఇద్దరి నడక. కథ ఇంతే. "ప్రేమిస్తున్నాను" అన్న మాట గానీ ముద్దు గానీ లేవు. తన జబ్బు సంగతి అతను ఆమెకు చెప్పడు.

ఇంత తక్కువలో సినిమా ఎలా నిలబడిందో తెలియాలంటే వీడియో ప్లేయరు సన్నివేశం చూడాలి. జొంగ్-వన్ తండ్రికి క్యాసెట్ పెట్టడం నేర్పుతుంటాడు. పెద్దాయనకు ఎంతకూ పట్టుబడదు. కొడుకు విసుక్కుని లేచిపోతాడు. తర్వాత ఒంటరిగా కూర్చుని, ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలో కాగితం మీద వరసగా రాస్తాడు. తను లేని రోజుల కోసం అతను చేసే ఏర్పాటు అది. ఆ సమయంలో ఏడుపు లేదు, వెనక సంగీతం ఉప్పొంగదు. ఈ సినిమా నేను మా నాన్నతో చూశాను. అయిపోయాక ఆయన ఏమీ అనలేదు. మర్నాడు టీవీ రిమోటు మీటల పేర్లు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టమని నన్ను అడిగారు.

1996లో మరణించిన గాయకుడు కిమ్ క్వాంగ్-సొక్ అంత్యక్రియల్లో పెట్టిన ఫోటోలో ఆయన నవ్వుతూ ఉండడం చూసి దర్శకుడికి ఈ కథ తట్టింది. కొరియాలో అంత్యక్రియల కోసం ముందే ఫోటో తీయించుకుని ఉంచుకునే అలవాటు ఉంది. సినిమాలో ఒక ముసలావిడ కుటుంబంతో వచ్చి ఆ ఫోటో తీయించుకుని వెళ్ళి, మంచి బట్టలు కట్టుకుని ఒంటరిగా మళ్ళీ వస్తుంది, ఇంకాస్త అందంగా తీయమని. మన ఇళ్ళల్లో గోడ మీద దండ వేసిన ఫోటోలు చూస్తూ పెరిగిన మనకు ఈ సన్నివేశం ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఛాయాగ్రాహకుడు యూ యొంగ్-గిల్‌కు ఇది చివరి సినిమా కావడం కూడా ఆ నవ్వు ముఖాల వెనక ఉండిపోయింది. సినిమా తీసిన గున్సాన్ పట్టణంలో, చిత్రీకరణ తర్వాత తీసేసిన ఆ చిన్న స్టూడియోను సందర్శకుల కోసం మళ్ళీ అలాగే కట్టారు.

దీని లోపం కూడా చెప్పాలి. దా-రిమ్ మనసులో ఏముందో మనకు తక్కువే తెలుస్తుంది. సినిమా అతని వైపు నుంచే చూస్తుంది. ఆమె వైపు నుంచి చూస్తే ఇది, చెప్పాపెట్టకుండా మాయమైపోయిన మనిషి కథ. మూసి ఉన్న స్టూడియో అద్దం మీద ఆమె రాయి విసిరే క్షణం నాకు అందుకే చాలా ఇష్టం. ఆ ఒక్క క్షణం సినిమా ఆమెది.

## వన్ ఫైన్ స్ప్రింగ్ డే

కొరియన్ పేరుకు అర్థం "వసంతం వెళ్ళిపోతుంది". సాంగ్-ఊ శబ్దాలు రికార్డు చేసే ఉద్యోగి. ఉన్-సూ తూర్పు తీరాన ఉన్న గంగ్‌నుంగ్‌లో రేడియో కార్యక్రమాలు చేస్తుంది, ఒకసారి పెళ్ళయి విడిపోయింది. రేడియో కోసం ప్రకృతి శబ్దాలు పట్టడానికి ఇద్దరూ కలిసి తిరుగుతారు. వెదురు తోపులో గాలి, మంచు కురిసే రాత్రి గుడి చూరు గంట, వాగు నీరు. ఇక్కడ నెమ్మదికి కారణం వారి వృత్తిలోనే ఉంది. శబ్దం పట్టాలంటే ఇద్దరూ కదలకుండా, మాట్లాడకుండా నిలబడాలి. ప్రేమ ఆ నిలబడడంలోనే మొదలవుతుంది. అందుకని దీన్ని ఫోను స్పీకరుతో చూడకండి. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, లేకపోతే సగం సినిమా పోయినట్లే.

ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళలో పోయేది, తెలుగువారు చెవితో పట్టుకోగలిగేది ఒకటుంది. కొరియన్‌లోనూ మనలాగే మర్యాద భాష వేరు, చనువు భాష వేరు. వాక్యం చివర "యో" వినిపిస్తే అది దాదాపు మన "అండీ" స్థాయి. ఈ సినిమాలో కొరియన్లందరికీ నోటికి వచ్చిన మాటలు రెండున్నాయి. మొదటి రోజుల్లో ఇంటి గుమ్మం దగ్గర ఉన్-సూ అతన్ని "రామ్యన్ తింటారా?" అని అడుగుతుంది (రామ్యన్ అంటే నూడుల్స్). అందులో "యో" ఉంది. చివరి రోజుల్లో అతను "ప్రేమ ఎలా మారిపోతుంది?" అని అడుగుతాడు. అందులో లేదు. "మీరు"తో మొదలై "నువ్వు" దాకా వచ్చి, అక్కడ తెగిపోయిన బంధం. ఇంగ్లీషులో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఈ కథకు పక్కన సాంగ్-ఊ నానమ్మ ఉంటుంది. మతిమరుపు వచ్చి, ఎప్పుడో పోయిన భర్త కోసం రైల్వే స్టేషనుకు వెళ్ళి కూర్చుంటుంది. యవ్వనంలోని భర్తే ఆమెకు గుర్తు. తర్వాతి కాలంలో తనను బాధపెట్టిన మనిషిని మరిచిపోయింది. మరవలేని మనవడూ, మంచినే గుర్తుంచుకున్న నానమ్మా ఒకే ఇంట్లో.

ఎంపికకు ముందు తెలుసుకోవలసింది ఇది. ఇరవైల్లో చూస్తే ఉన్-సూ కఠినురాలు అనిపిస్తుంది. వయసు పెరిగాక చూస్తే ఆమె భయం అర్థమవుతుంది. నాకైతే రెండోసారి చూసినప్పుడు, ఆమె కొత్త కారు మీద తాళంచెవితో గీత గీసే సాంగ్-ఊ మీదే కోపం వచ్చింది. ఒకేసారి చూసి పక్కన పెట్టే ఉద్దేశం ఉంటే ‘క్రిస్మస్ ఇన్ ఆగస్ట్’ చాలు. పదేళ్ళకోసారి తిరిగి చూసే సినిమా కావాలంటే ఇదే. ఒకే దర్శకుడి ఈ రెండింటిలో నా మొగ్గు ఇటే.

## రైట్ నౌ, రాంగ్ దెన్

సినిమా దర్శకుడు ఒకడు తన సినిమా ప్రదర్శనకు, ఆ తర్వాతి ప్రసంగానికి సువాన్ నగరానికి వస్తాడు, ఒక రోజు ముందుగా. పాత రాజభవనంలో అరటిపండు పాలు తాగుతూ కూర్చున్న చిత్రకారిణి కనిపిస్తుంది. కాఫీ, ఆమె స్టూడియో, సుషీ దుకాణంలో సోజు, రాత్రి ఆమె స్నేహితుల మధ్య కబుర్లు. గంట గడిచేసరికి ఆ రోజు అయిపోతుంది, చేదుగా. అప్పుడు తెర మీద పేరు మళ్ళీ పడుతుంది, అదే రోజు మళ్ళీ మొదలవుతుంది.

చాలామంది వదిలేసేది సరిగ్గా ఇక్కడే. వదలకండి. రెండో భాగంలో మారేవి చిన్న చిన్న విషయాలే. మొదటిసారి అతను ఆమె బొమ్మను ఆకాశానికెత్తేస్తాడు. రెండోసారి తనకు అనిపించింది నిజాయితీగా చెబుతాడు, ఆమెకు కోపం వస్తుంది. మొదటిసారి తనకు పెళ్ళయిన సంగతి ఇతరుల నోట బయటపడుతుంది. రెండోసారి తనే చెప్పుకుంటాడు. పొగడ్తతో గడిచిన సాయంత్రం ఎక్కడికి చేరింది, కోపం తెప్పించిన నిజంతో గడిచినది ఎక్కడికి చేరింది అన్నదే ఇందులోని ప్రేమకథ. ఇద్దరికీ పెళ్ళి కుదరదు, కలిసి బతకరు. అయినా రెండో సాయంత్రం ఇద్దరి జీవితంలోనూ మిగులుతుంది.

హాంగ్ సాంగ్-సూ ఏ రోజు చిత్రీకరించే మాటలను ఆ రోజు పొద్దునే రాసి నటుల చేతిలో పెడతారు. కెమెరాను ఒకచోట నిలిపి, నిమిషాల తరబడి కత్తిరించకుండా, మధ్యలో ఒక్కసారి జూమ్ చేస్తారు. అలవాటు లేని కంటికి ఆ జూమ్ మొరటుగా అనిపిస్తుంది. రెండు మూడు సార్లు చూశాక అది పక్కవారు మోచేత్తో తట్టి "ఇటు చూడు" అన్నట్లుగా ఉంటుంది. ఈ సినిమాకు 2015లో లొకార్నో సినిమా ఉత్సవంలో ప్రధాన బహుమతి గోల్డెన్ లెపర్డ్, దర్శకుడి పాత్ర వేసిన జొంగ్ జే-యొంగ్‌కు ఉత్తమ నటుడి బహుమతి వచ్చాయి.

వద్దనడానికి కారణాలు కూడా గట్టివే. ఇందులో మగవాడు మంచివాడు కాదు. తాగిన మైకంలో బట్టలు విప్పేసే సన్నివేశం ఒకటుంది కాబట్టి పెద్దవాళ్ళ పక్కన కూర్చుని చూడడం ఇబ్బంది. అందమైన దృశ్యాలు కోరేవారికి ఇందులో ఏమీ దొరకదు. మనుషులు మాట్లాడుకోవడాన్ని గమనించడమే ఆనందంగా ఉండేవారికి మాత్రం ఈ ఆరింటిలో దీనికి సాటి లేదు. నచ్చితే తర్వాతిది ‘ఆన్ ద బీచ్ ఎట్ నైట్ అలోన్’. ఇక్కడ చిత్రకారిణిగా చేసిన కిమ్ మిన్-హీకి అందులో నటనకే 2017 బెర్లిన్ ఉత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది.

## గ్యొంగ్‌జు

ప్రాచీన కొరియా రాజ్యమైన సిల్లాకు రాజధానిగా ఉన్న ఊరు ఇది. రాజుల సమాధులు ఊరి మధ్యలోనే పచ్చగడ్డి కప్పిన గుట్టల్లా ఉంటాయి. ఇళ్ళ కిటికీలు తెరిస్తే అవే కనిపిస్తాయి. బీజింగ్‌లో పాఠాలు చెప్పే ఒక ఆచార్యుడు స్నేహితుడి అంత్యక్రియలకు కొరియా వచ్చి, ఏడేళ్ళ కిందట ఇక్కడి టీ దుకాణం గోడ మీద చూసిన ఒక శృంగార చిత్రం గుర్తొచ్చి దాన్ని వెతుక్కుంటూ వస్తాడు. బొమ్మ మీద గోడకాగితం అంటించేశారు. దుకాణం యజమానురాలు ఒంటరి. టీ తాగుతారు, నడుస్తారు, రాత్రి సమాధి గుట్ట ఎక్కుతారు.

145 నిమిషాల సినిమాలో ఇంతకంటే జరిగేది తక్కువ. చైనాలోని యన్‌బ్యన్‌లో పుట్టిన కొరియన్ సంతతి దర్శకుడు ఝాంగ్ లూ ఆ ఊరిని బయటివాడి కళ్ళతో చూస్తారు కాబట్టి మనమూ వీధి వీధీ తిరిగినట్లుంటుంది. ప్రేమ అని వేలు పెట్టి చూపగలిగిన క్షణం ఒక్కటీ ఉండదు. ఒంటరిగా ప్రయాణం చేయడం ఇష్టమున్నవారు దీన్ని మరిచిపోలేరు. మిగతావారికి నేను దీన్ని మొదటి సినిమాగా ఎప్పుడూ చెప్పను.

## మూన్‌లిట్ వింటర్

కొరియన్ పేరు ఉత్తరం మొదట్లో రాసే సంబోధన: "యూన్‌హీకి". విడాకులు తీసుకుని కూతుర్ని పెంచుతున్న యూన్-హీకి జపాన్‌లోని ఒటారు నుంచి ఉత్తరం వస్తుంది. రాసిన స్త్రీ ఆమె తొలి ప్రేమ. కూతురు ముందుగా చదివేసి, ఏమీ తెలియనట్లు అమ్మను ఆ మంచు ఊరికి ప్రయాణం కట్టిస్తుంది. పాత ప్రేమికులిద్దరూ కలిసి కనిపించే సమయం చాలా కొద్ది. మిగతాదంతా ఆ కలయిక చుట్టూ ఉన్నవారి దయ, ముఖ్యంగా కూతురిదీ, ఉత్తరం రాసిన స్త్రీ మేనత్తదీ. ఇద్దరు స్త్రీల ప్రేమను ఇంత గౌరవంగా, అరుపులూ అవమానాల దృశ్యాలూ లేకుండా చెప్పిన సినిమాలు తక్కువ. అమ్మాకూతుళ్ళు కలిసి చూడడానికి ఈ ఆరింటిలో ముందు నిలిచేది ఇదే. నిడివి గంటా ముప్పావు.

## పాస్ట్ లైవ్స్

దీన్ని పూర్తిగా కొరియన్ సినిమా అనలేం. దర్శకురాలు సెలీన్ సాంగ్ చిన్నప్పుడే సియోల్ నుంచి కెనడాకు వలస వెళ్ళినవారు. సినిమా అమెరికా, కొరియా సంస్థలు కలిసి తీసినది. కథానాయిక నోరా కూడా పన్నెండేళ్ళప్పుడు సియోల్‌ను, హే-సంగ్ అనే స్నేహితుణ్ణి వదిలి వెళుతుంది. పన్నెండేళ్ళకు స్కైప్‌లో కలుస్తారు. మరో పన్నెండేళ్ళకు అతను న్యూయార్క్ వస్తాడు. అప్పటికి ఆమెకు పెళ్ళయింది, భర్త అమెరికన్.

ఇందులో పదేపదే వినిపించే మాట "ఇన్‌యొన్". ముక్కూ మొహం తెలియనివారు వీధిలో ఒరుసుకుని వెళ్ళినా అది గత జన్మల బంధమే, పెళ్ళి దాకా వస్తే అది ఎనిమిది వేల పొరల బంధం అంటుంది నోరా. ఆ మాట చైనా మీదుగా బౌద్ధంతో కొరియా చేరింది. దాని వెనక ఉన్నవి మన హేతు, ప్రత్యయాలు, అంటే కారణం, దానికి తోడయ్యే పరిస్థితులు. మనకు వెంటనే గుర్తొచ్చేది ఋణానుబంధం. రెండూ దగ్గరివే, ఒకటి కావు. ఋణానుబంధంలో తీర్చవలసిన బాకీ ఉంది, తీరితే బంధం తీరుతుంది. ఇన్‌యొన్‌లో బాకీ లేదు, పొర మీద పొర చేరుతూ పోతుంది. హే-సంగ్ వెళ్ళేటప్పుడు ఇద్దరి మధ్యా ఏది తీరిందో, ఏది చేరిందో ఆలోచించుకోవడానికి ఈ తేడా నాకు పనికొచ్చింది.

విదేశాల్లో స్థిరపడిన తెలుగువారికి నేను ముందు చెప్పేది ఇదే. భార్య నిద్రలో కొరియన్‌లోనే పలవరిస్తుందని, అక్కడికి తను వెళ్ళలేనని భర్త చెప్పే మాట ఒకటుంది. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాషగా బతికేవారికి అది తేలిగ్గా వదలదు. ఈ ఆరింటిలో కొత్తవారికి అన్నిటికంటే సులువుగా అందేది కూడా ఇదే. పాత్రలు తమ మనసును మాటల్లో చెప్పుకుంటాయి. 2024 ఆస్కార్‌కు ఉత్తమ చిత్రం, మౌలిక స్క్రీన్‌ప్లే విభాగాల్లో పోటీలో నిలిచింది. అయితే ఆ సులువే దాని పరిమితి. ‘క్రిస్మస్ ఇన్ ఆగస్ట్’ మౌనంగా వదిలేసే చోట ఇది ఒక మంచి సంభాషణ పెడుతుంది.

## మరి మీకు ఏది?

నిదానమైన సినిమా ఇదివరకు ఒక్కటీ చూడనివారైతే ‘పాస్ట్ లైవ్స్’తో మొదలుపెట్టి, వారం లోపల ‘క్రిస్మస్ ఇన్ ఆగస్ట్’ చూడండి. అన్నీ చెప్పుకునే సినిమా, ఏదీ చెప్పని సినిమా పక్కపక్కన చూస్తే మీ రుచి ఎటో మీకే తెలుస్తుంది.

అమ్మానాన్నలతో చూడాలంటే ‘క్రిస్మస్ ఇన్ ఆగస్ట్’, సందేహం లేదు. కాకపోతే ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు వద్దు. ఆ తండ్రి ముఖం చూడడం కష్టం.

పెళ్ళయి పదేళ్ళు దాటిన జంటలు నన్ను అడిగినప్పుడు కొంచెం ఆలోచిస్తాను. ‘పాస్ట్ లైవ్స్’ చూశాక మాట్లాడుకోవలసినవి పైకి వస్తాయి, అది మంచిదే, కానీ మర్నాడు పొద్దున్నే ఆఫీసు లేని రోజు చూసుకోండి. ‘రైట్ నౌ, రాంగ్ దెన్’ను ఇద్దరూ కలిసి చూస్తే అబద్ధం, నిజం మీద వాదన తప్పదు. ఆ వాదనలో పట్టుదల వదలగలిగితే అది కూడా మంచి సాయంత్రమే.

బంధం తెగి ఎక్కువ రోజులు కాలేదా? ఈ ఆరింటిలో ‘మూన్‌లిట్ వింటర్’ ఒక్కటే చూడండి. అందులోని ప్రేమ కూడా తెగినదే, కానీ కాలం దాని మీద చేయాల్సిన పని చేసేసింది. ‘వన్ ఫైన్ స్ప్రింగ్ డే’ని ఒక సంవత్సరం పక్కన పెట్టండి. నా స్నేహితురాలి విషయంలో నేను చేసిన తప్పు మీరు చేసుకోవద్దు.

సినిమా తీయాలనే కోరిక ఉన్న కుర్రవాళ్ళు ‘రైట్ నౌ, రాంగ్ దెన్’, ‘వన్ ఫైన్ స్ప్రింగ్ డే’ రెండూ చూడాలి. ఒకటి డబ్బు లేకుండా నాలుగు గదుల్లో, నాలుగు బల్లల ముందు సినిమా ఎలా పుడుతుందో చూపుతుంది. రెండోది శబ్దంతో కథ చెప్పడం ఎలాగో నేర్పుతుంది.

చూసే పద్ధతి గురించి కూడా రెండు మాటలు. వేగం పెంచి చూడకండి. ఒకటిన్నర రెట్ల వేగంలో ఈ సినిమాల్లో ఏ కథా మిగలదు. ఒకే బైఠకులో చూడడం మేలు. ‘రైట్ నౌ, రాంగ్ దెన్’ను మాత్రం రెండు భాగాల మధ్య ఆపి, టీ తాగి, మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఇంకెక్కడా ఆపకండి. సబ్‌టైటిళ్ళు చదువుతూనే వాక్యం చివర "యో" ఉందో లేదో వినడం అలవాటు చేసుకోండి. దా-రిమ్ ఆ ఫోటోగ్రాఫర్‌ను చివరి దాకా "అజొస్సి" అని పిలుస్తుంది. మనం వయసులో పెద్దవాడైన బయటి మనిషిని "బాబాయి గారూ" అన్నట్లు. ఆ పిలుపులోని దూరం ఎప్పుడు తగ్గుతోందో వింటుంటే సినిమా నెమ్మదిగా అనిపించదు.

మొదలుపెట్టాక పట్టుబడకపోతే ఎంతసేపు ఆగాలని అడుగుతుంటారు. ‘క్రిస్మస్ ఇన్ ఆగస్ట్’లో మొదట్లోనే ఒక ఎండ మధ్యాహ్నం వస్తుంది. ఎవరి అంత్యక్రియలకో వెళ్ళి అలసిపోయి వచ్చిన జొంగ్-వన్, తొందర పెడుతున్న దా-రిమ్‌ను కాసేపాగి రమ్మంటాడు. తర్వాత ఆమె చెట్టు నీడలో నిలబడి ఉంటే, ఐస్‌క్రీం కొని తెచ్చి చేతికిస్తాడు. ఆ చెట్టు దాకా ఆగండి. అక్కడ కూడా మనసు కదలకపోతే ఆపేసి, 2008లో వచ్చిన ‘మై డియర్ ఎనిమీ’ పెట్టుకోండి. విడిపోయి ఏడాదైన ప్రియుడి దగ్గర 35 లక్షల వన్‌ల (కొరియా డబ్బు) బాకీ వసూలు చేసుకోవడానికి వచ్చిన అమ్మాయి, అతనితో కలిసి రోజంతా సియోల్ తిరుగుతుంది. ఇదీ నిదానమే, కానీ నవ్వు వస్తుంది.